నీళ్ళలో ఉన్న కొర్రమీన్లు చచ్చిపోనాయి, గోనెసంచిలోవి బతికాయి. ఇదేటి?

పర్లాకిమిడి బుల్లోడు | ఆదివారం రాత్రి 9:10
అందరికీ నమస్కారాలు. ఒక డౌటు, నవ్వకండి. ఇయాళ కాశీనగర్ వైపు మా మావయ్యోళ్ళ ఊర్లో చెరువు పట్టారు, నాకు రెండు కొర్రమీన్లు, మా బావకి రెండు ఇచ్చారు, ఒక్కోటీ ముప్పావు కేజీ ఉంటాది. బతికున్నవి ఇంటికి తీసుకెళ్దామని నేను పెయింట్ బకెట్ ఒకటి కడిగి అంచుదాకా నీళ్ళు నింపి, బండి మీద చిందిపోకుండా మూత టైట్‌గా బిగించీసాను. మా బావ బద్ధకస్తుడు, తన రెండిట్నీ తడి గోనెసంచిలో చుట్టి డిక్కీలో పడేసాడు, నేను పోరా అవి చచ్చిపోతాయి అని నవ్వాను కూడా. దార్లో పనులు చూసుకుని ఇంటికొచ్చీసరికి మూడు గంటలు పట్టింది. మూత తీస్తే నావి రెండూ పొట్ట పైకెట్టి తేలుతున్నాయి, బావగాడివి గోనె విప్పితే గెంతి గచ్చు మీద పడ్డాయి. చేపకి నీళ్ళలో ఊపిరాడకపోవడం ఏటండీ? నాలుగు గంటల నుంచి ఇంట్లో అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు.

రాయగడ బండోడు | 9:22
పెయింట్ బకెట్ కదా, పెయింట్ మహిమ బ్రదర్ 😂 వాల్ పుట్టీ తాగి పోయాయి

పర్లాకిమిడి బుల్లోడు | 9:25
అది రెండేళ్ళ నుంచి నీళ్ళ బకెట్టే బ్రదరూ, పెయింట్ ఎప్పుడో పోయింది

ఛత్రపురం పిన్ని | 9:41
బాబూ నువ్వు సంతలో ఎప్పుడూ చూళ్ళేదా, కొర్రమీన్లు అమ్మేవాళ్ళు సిల్వర్ బేసిన్లో వేలెడు నీళ్ళే పోస్తారు, వీపు బయటికి కనపడుతూనే ఉంటుంది, పొద్దుట నుంచి సాయంత్రం దాకా అలాగే బతికుంటాయి. ఎందుకని అడిగితే మాత్రం నాకు తెలీదు, మా అత్తగారూ అలాగే కుండలో కొంచెం నీళ్ళలోనే ఉంచేవారు.

గుణుపురం మాస్టారు | 10:15
పిన్నిగారు చెప్పింది సరిగ్గా విషయం మీదే ఉంది. నేను ముప్పై ఏళ్ళు బయాలజీ చెప్పాను, ఒడియా మీడియంలో చెప్పి చెప్పి ఊపిరితిత్తులు అనబోయి ఫుస్‌ఫుస్ అనేసే అలవాటు ఇంకా పోలేదు, మధ్యలో అలాంటిది దొర్లితే క్షమించండి.

బుల్లోడూ, నీ చేపలు మునిగి చచ్చాయి. మనిషి మునిగినట్టే. కొర్రమీనుకి మొప్పలున్నాయి గానీ అవి చిన్నవి, పెద్ద చేపకి వాటితో వచ్చే ఆక్సిజన్ చాలదు. తల లోపల మొప్పల పైన రెండు గదుల్లాంటివి ఉంటాయి, వాటి లోపలి గోడ నిండా సన్నటి రక్తనాళాలు. చేప పైకొచ్చి నోటితో గాలి గుటక వేసి ఆ గదుల్లో నింపుకుంటుంది. మాగుర, సింగి, కౌ చేపలు కూడా ఈ బాపతే, ఏర్పాటు ఒక్కోదానికి ఒక్కోరకం. పెద్ద కొర్రమీనుకి గాలి గుటక తప్పనిసరి. నువ్వు అంచుదాకా నీళ్ళు పోసి మూత బిగించి గాలికి చోటే లేకుండా చేశావు. పైగా ముప్పావు కేజీవి రెండు ఒకే బకెట్లో, ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా ముందే అయిపోయి ఉంటుంది. మీ బావ గోనెసంచిలో గాలి ఉంది, తడీ ఉంది. ఆ రెండూ చాలు దానికి.

రాయగడ బండోడు | 10:20
మాస్టారూ నీళ్ళు అంటేనే హెచ్2ఓ కదా, ఓ అంటే ఆక్సిజనే కదా, బకెట్ నిండా ఆక్సిజన్ పెట్టుకుని అది చావడం ఏటి? చేపలు అది విడగొట్టుకుని పీలుస్తాయని మాకు ఎవరో చెప్పారు

గుణుపురం మాస్టారు | 10:48
ఎవరో తప్పు చెప్పారు నాయనా. నీటి అణువులో ఉన్న ఆక్సిజన్ హైడ్రోజన్‌తో ముడిపడిపోయి ఉంటుంది, దాన్ని విడగొట్టాలంటే కరెంటు పెట్టాలి, చేప వల్ల కాదు. చేప తీసుకునేది నీళ్ళలో కరిగిన గాలిని, సోడాలో గ్యాస్ కరిగి ఉన్నట్టు. అది ఎంతంటే, లీటరు గాలిలో దాదాపు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, మన ఎండాకాలం చెరువు నీళ్ళు లీటరుకి 5, 6 మిల్లీలీటర్లు మించవు. నీళ్ళు వేడెక్కిన కొద్దీ ఇంకా తగ్గుతుంది, 0 డిగ్రీల దగ్గర లీటరుకి 14.6 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 డిగ్రీలకి వచ్చేసరికి 7.6 దగ్గర ఆగిపోతాయి. అందుకే మే నెలలో తెల్లారగట్ల చెరువులో చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది, పగల్లాగా తయారు చెయ్యదు. రొయ్యల చెరువుల్లో ఆ చక్రాలు రాత్రుళ్ళు తిప్పేది దీనికే.

ఇంకో కష్టం, నీళ్ళు గాలి కంటే దాదాపు 800 రెట్లు బరువు. దాన్ని మనలాగా లోపలికి పీల్చి మళ్ళీ అదే దారిన బయటికి తోయాలంటే వచ్చిన ఆక్సిజన్ ఆ కూలికే సరిపోతుంది. అందుకే చేప నీళ్ళని ఒకే దారిన పంపిస్తుంది, నోట్లోంచి లోపలికి, మొప్పల మధ్య నుంచి బయటికి. రేపు బజార్లో ఏ బొచ్చె చేపో కొన్నప్పుడు మొప్ప రేకు ఎత్తి చూడండి, ఎర్రటి దువ్వెన పళ్ళలాగా వరసగా ఉంటాయి. వాటిని బయట చూస్తే ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉంటాయి. కుళాయి నీళ్ళ ధార కింద పెడితే తడిసిన జుట్టు నీళ్ళలో విచ్చుకున్నట్టు ఏ పోగుకి ఆ పోగు విడిపోతుంది. చేప గట్టు మీద ఎందుకు చస్తుందో ఆ ఒక్క ముక్కలో ఉంది. చుట్టూ అంత ఆక్సిజన్ ఉన్నా మొప్పలు ముద్దయిపోయి తీసుకునే చోటే ఉండదు.

ఛత్రపురం పిన్ని | 10:55
ఇన్నేళ్ళూ మొప్పలు ఎర్రగా ఉన్నాయా లేదా అని మాత్రమే చూశాను మాస్టారూ, తాజాదో కాదో తెలియడానికి

గుణుపురం మాస్టారు | 11:12
ఆ ఎరుపు రక్తమే కదమ్మా, పల్చటి పొర కింద నుంచి కనిపిస్తోంది.

మొప్పలో ఇంకో తమాషా ఉంది, నాకు చాలా ఇష్టమైన పాఠం, ఇది చెప్పకుండా నిద్ర పట్టదు. పోగుల మీద నీళ్ళు ఒకవైపు పారితే లోపల రక్తం దానికి ఎదురు పారుతుంది. పిల్లలకి సంత లెక్కలో చెప్పేవాణ్ణి. ఒక వరసలో తట్టకి వంద మామిడిపళ్ళతో మనుషులు నడుస్తున్నారు, పక్క వరసలో ఖాళీ తట్టలవాళ్ళు. పక్కపక్కకి వచ్చినప్పుడల్లా ఎక్కువున్నవాడు తక్కువున్నవాడికి ఇస్తాడు. ఇద్దరూ ఒకే వైపు నడిస్తే యాభై యాభై అవగానే ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయింది, ఇంక ఎంత దూరం నడిచినా ఒక్క పండు కదలదు. ఎదురెదురుగా నడిపించు. ఖాళీ తట్టవాడికి మొదట ఎదురయ్యేది దాదాపు అంతా ఇచ్చేసి ఇరవై పళ్ళతో మిగిలినవాడు, అయినా వీడిది సున్నా కాబట్టి కొన్ని వస్తాయి. ముందుకు వెళ్ళేకొద్దీ ఎదురొచ్చేవాడి దగ్గర ఎక్కువుంటాయి, చివర్లో వీడి తట్టలో ఎనభై ఉన్నా ఎదురుగా వంద ఉన్నవాడు వస్తాడు. ఈ కిటుకుతో కొన్ని చేపలు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేస్తాయి. మనం పీల్చిన గాలిలో 21 శాతం ఉంటే వదిలిన దాంట్లో ఇంకా 16 శాతం ఉంటుంది, అంటే పావు వంతే వాడుకున్నట్టు. ఉన్నోడి ఖర్చు మనది.

రుషికుల్య ఒడ్డోడు | సోమవారం ఉదయం 6:02
గుడ్ మార్నింగ్. వేట నుంచి వచ్చి ఇది మొత్తం చదివా. మునిగి చావడం అంటే మాకు తెలిసింది తాబేళ్ళది. మా రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి ఫిబ్రవరి మార్చిలో ఆలివ్ రిడ్లీలు లక్షల్లో గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, టీవీ వాళ్ళు వచ్చి అవి ఇసకలో గుడ్లు పెట్టేది చూపిస్తారు గానీ చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినవి చూపించరు. తాబేలు నీళ్ళలోనే పుట్టి పెరుగుతుంది కదా దానికేం అనుకుంటారు చాలామంది, దానికి మొప్పల్లేవు సార్, ఊపిరితిత్తులే. ఊరికే పడుకుని ఉంటే గంట పైనే కిందుంటుంది గానీ ట్రాలర్ వలలో పడి గింజుకుంటే ఉన్న ఊపిరి ఇట్టే అయిపోతుంది, పైకి రానివ్వదు వల. అందుకే నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధమ్రా మొగల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట బంద్. మాకు ఏడు నెలలు పొట్ట మీద దెబ్బే, అది వేరే గొడవ, దాని గురించి ఇంకో టాపిక్ పెడతా. ట్రాల్ వలకి తాబేలు బయటపడే కంత పెట్టాలని రూలు కూడా ఉంది. ఎంతమంది పెడుతున్నారో అడక్కండి.

నా డౌట్ ఏంటంటే దానికి డిప్ప కదలదు కదా, మనకి ఛాతీ పొంగుతుంది, దానికి ఎలా?

గుణుపురం మాస్టారు | 7:30
తాబేలు పక్కటెముకలు డిప్పలోనే కలిసిపోయాయి, నువ్వన్నట్టు పొంగవు. ఊపిరితిత్తులు డిప్ప లోపలి కప్పుకి అంటుకుని ఉంటాయి, కింద పొట్టవైపు కండరాలు పేగుల్ని పైకి తోస్తే గాలి బయటికి, కిందికి వదిలితే గాలి లోపలికి. మెడా కాళ్ళూ లోపలికి లాక్కున్నా లోపల చోటు తగ్గుతుంది. గట్టు మీద గుడ్లు పెడుతున్న తల్లి మధ్యమధ్యలో తలెత్తి గట్టిగా నిట్టూర్చడం నువ్వు వినే ఉంటావు.

రుషికుల్య ఒడ్డోడు | 7:34
వినకేం సార్, రాత్రిపూట గట్టు మీద వందల్లో ఉన్నప్పుడు ముసలోళ్ళ వార్డులో ఉన్నట్టు ఉంటుంది

కోరాపుట్ సిస్టర్ | మధ్యాహ్నం 2:05
వార్డు అనగానే వచ్చేశాను 😀 నర్సుని, మాటలు సరిచూసుకోండి తమ్ముడూ.

మాస్టారు ఊపిరి ఎలా లోపలికి వెళ్తుందో చెప్తున్నారు, ఊపిరి తీసుకోవాలని మనకి ఎందుకు అనిపిస్తుందో నేను చెప్తా ఎందుకంటే దీనివల్ల ప్రతి వేసవిలో పిల్లలు పోతున్నారు. ఊపిరి బిగపడితే గింజుకునేది ఆక్సిజన్ తగ్గి కాదు, మామూలుగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి. పిల్లలు ఏటిలో ఎవరు ఎక్కువసేపు మునుగుతారని పందెం వేసుకుని ముందు పది ఇరవైసార్లు గబగబా ఊపిరి తీసి వదులుతారు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, రక్తం ముందే నిండుగా ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ఇంక నీళ్ళలో గింజుకోవాలనే అనిపించదు, హాయిగా ఉన్నట్టుండి స్పృహ పోతుంది, పైన ఉన్నవాళ్ళు వీడు గెలుస్తున్నాడని చప్పట్లు కొడుతూ ఉంటారు. మీ పిల్లలకి చెప్పండి.

ఇంకోటి కుంపటి. మా కోరాపుట్ చలి మీకు తెలుసు, డిసెంబర్లో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని పడుకుంటారు. బొగ్గు సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, సీట్లన్నీ వాడే కూర్చుంటే ఆక్సిజన్ ఎక్కడ ఎక్కుతుంది. వాసనుండదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది, అది ఈ రెండిటికీ తేడా పట్టలేదు, 98 చూపిస్తుంది, మనిషి పోతూ ఉంటాడు. కుంపటి రాజేసిన గదిలో తలనొప్పి వాంతి వస్తే ముందు తలుపు తీసి బయటికి రండి, మీటర్ తర్వాత చూసుకోవచ్చు.

ఛత్రపురం పిన్ని | 2:30
అమ్మా సిస్టర్, మా కోడలికి ఎనిమిదో నెల రాకముందే నొప్పులొచ్చాయి పోయినేడు, డాక్టరమ్మ పుట్టకముందే బిడ్డ ఊపిరితిత్తులకని తల్లికి ఇంజెక్షన్ చేసింది. కడుపులో బిడ్డ ఊపిరే తీయదు కదా, దానికెందుకు ఇంజెక్షన్ అని నేను వాదన పెట్టుకున్నాను కూడా ఆవిడతో

కోరాపుట్ సిస్టర్ | 3:10
మంచి పని చేసింది డాక్టరమ్మ. పిన్నీ, మన ఊపిరితిత్తుల్లో కోట్ల గాలి బుడగలు ఉంటాయి, ముప్పై కోట్ల పైమాటే, అన్నీ పరిస్తే ఒక మోస్తరు ఇల్లంత నేల. లోపల తడి. తడి గ్లాసులు రెండు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే ఎలా పట్టేస్తాయో అలా తడి బుడగ కూడా ముడుచుకుని అతుక్కుపోవాలని చూస్తుంది. అతుక్కోకుండా లోపల సబ్బు నురగ లాంటి పూత ఒకటి ఉంటుంది, సర్ఫాక్టెంట్ అంటారు. అది బిడ్డకి ఆఖరి నెలల్లోనే సరిపడా తయారవుతుంది, ముందే పుడితే తక్కువ, ప్రతి ఊపిరీ కొత్త బెలూన్ ఊదినంత కష్టం. ఈ పూత లేకపోవడమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు, అంతకుముందు కారణం అర్థంకాక పిల్లలు చేతుల్లోనే పోయేవాళ్ళు. మీ కోడలికి చేసిన ఇంజెక్షన్ ఆ పూత తొందరగా తయారవ్వడానికే. మనవడు ఎలా ఉన్నాడు?

ఛత్రపురం పిన్ని | 3:14
మనవరాలు. ఇల్లు పీకి పందిరేస్తోంది 🙏 ఆ డాక్టరమ్మకి స్వీట్ ప్యాకెట్ పట్టుకెళ్ళాలి, ఆరోజు చాలా మాటలన్నాను

రాయగడ బండోడు | సాయంత్రం 6:40
నాదీ ఒక డౌట్. తొండ పరిగెత్తి పరిగెత్తి ఠక్కున ఆగి తల ఊపుతాది, మళ్ళీ పరిగెత్తుతాది, ఎందుకు. ఇంకోటి పాము కప్పని మింగేటప్పుడు నోరంతా మూసుకుపోయి ఉంటాది పావుగంట, ఊపిరి ఎక్కడి నుంచి

గుణుపురం మాస్టారు | 7:25
అబ్బ, ఇప్పుడు సరైన ప్రశ్నలు వేశావు.

తొండ పరిగెత్తేటప్పుడు ఒళ్ళు ఇటూ అటూ వంకర్లు తిరుగుతుంది, ఒక పక్క ఊపిరితిత్తి నొక్కుకుంటే రెండోది తెరుచుకుంటుంది, గాలి అటూ ఇటూ కదులుతుందే గానీ బయట నుంచి కొత్తది సరిగ్గా రాదు. పైగా ఊపిరికి వాడే పక్క కండరాలే పరుగుకీ వాడాలి. ఆగడానికి అదొక కారణం, తల ఊపడం మాత్రం పక్క తొండకి పౌరుషం చూపించడానికి. ఉడుము దీనికి ఉపాయం పట్టింది, నడుస్తూనే గొంతు సంచి ఉబ్బించి గాలిని లోపలికి తోస్తుంది, అందుకే అది ఆగకుండా చాలా దూరం పోగలదు. (ఉడుము అనగానే కూర గురించి ఎవరూ రాయకండి, పట్టుకుంటే జైలు.)

పాముకి గాలి గొట్టం మూతి నోట్లో నాలుక దగ్గరే ఉంటుంది, మింగేటప్పుడు దాన్ని పక్కనుంచి బయటికి చాపుతుంది, మనం చెరువులో మునిగి తామరకాడ పైకి పెట్టినట్టు. చాలా పాములకి ఎడమ ఊపిరితిత్తి పేరుకే, కుడిదే సాగి పొడుగ్గా ఉంటుంది, ఆ సన్నటి ఒంట్లో రెండూ ఎక్కడ పడతాయి.

కప్ప సంగతి కూడా చెప్పేస్తా, గొంతు కింద ఎప్పుడూ డబడబా కొట్టుకుంటూ ఉంటుంది చూడండి. మనం ఛాతీ విప్పితే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది, కప్పకి విప్పడానికి పక్కటెముకల గూడే లేదు, నోట్లోకి తీసుకుని ముక్కు రంధ్రాలు మూసి మింగినట్టు లోపలికి తోస్తుంది. తోసింది చాలకపోతే చర్మం ఉంది, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ భాగం చర్మంలోంచే పోతుంది, అందుకే దానికి ఎప్పుడూ తడి కావాలి.

బరంపురం పక్షులబాబు | మంగళవారం రాత్రి 10:02
చేప, తాబేలు, కప్ప, పాము, అన్నీ అయ్యాయి, పక్షి లేకుండా ఈ టాపిక్ లాక్ అయితే నేను ఒప్పుకోను.

ప్రతి చలికాలం చిలిక సరస్సుకి పోతాను, మంగళాజోడిలో తెల్లారగట్ల పడవ. తల మీద రెండు నల్ల చారలుండే బాతు ఒకటి వస్తుంది, బార్ హెడెడ్ గూస్ అంటారు, మంగోలియా టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి. వాటికి ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే కొన్ని 7,000 మీటర్లు కూడా దాటాయి, అక్కడ గాలి మన దగ్గర ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. మనమైతే అలవాటు లేకుండా అక్కడ నాలుగడుగులు వెయ్యలేం, అది రెక్కలు కొడుతుంది.

ఎలాగంటే, మాస్టారూ మీరు ఒప్పుకుంటారో లేదో గానీ ఊపిరితిత్తి అని మనవాళ్ళు పెట్టిన పేరు మనకంటే పక్షికే బాగా నప్పుతుంది. మా తాతది కమ్మరి కొలిమి, చిన్నప్పుడు తిత్తి నేనే తొక్కేవాణ్ణి. తిత్తికి అడుగున తోలు రేకు ఉంటుంది, పైకి లేపితే రేకు తెరుచుకుని గాలి లోపలికి, నొక్కితే రేకు మూసుకుని ముందు గొట్టంలోంచి నిప్పు మీదికి. వచ్చిన దారిన పోదు. మనది అలా కాదు, ఒకే సందులో వచ్చిన బస్సు అదే సందులో రివర్స్‌లో పోవాలి, ఒక్కసారికి అరలీటరు పీలిస్తే అందులో 150 మిల్లీలీటర్లు గొట్టాల్లోనే ఉండి పనికి రాకుండా వెనక్కి వచ్చేస్తుంది, లోపల ఎప్పుడూ పాతగాలి కొత్తగాలి కలగాపులగం.

పక్షికి ఒంట్లో గాలి సంచులు ఉంటాయి, మామూలుగా తొమ్మిది, అవి తిత్తులు. అసలు ఊపిరితిత్తి కొలిమి, అది పెద్దగా ఉబ్బదు తగ్గదు. పీల్చిన తాజా గాలి ఎక్కువగా వెనక సంచుల్లోకి పోతుంది, వదిలినప్పుడు అక్కడ నుంచి ఊపిరితిత్తిలోకి, మళ్ళీ పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, మళ్ళీ వదిలినప్పుడు బయటికి. ఒక గుక్కెడు గాలి వచ్చి పోవడానికి రెండు ఊపిర్లు. దానివల్ల పీల్చినా వదిలినా ఊపిరితిత్తిలో గాలి ఒకే వైపు పారుతూనే ఉంటుంది. పైగా ఈ బాతు హిమోగ్లోబిన్ మిగతా బాతులకంటే ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకునే రకం.

గుణుపురం మాస్టారు | 10:30
తిత్తి తొక్కినవాడివి, నీ మాట కాదనలేను. ముప్పై ఏళ్ళు నేను ఇది బొమ్మ గీసి చెప్పాను, ఒక్కడికీ ఎక్కేది కాదు. నీ తాత కొలిమి నాకు అప్పుడు దొరికుంటే బాగుండు. ఒక్కటి చేర్చు, మొసలి జాతిలో కూడా గాలి ఇలా ఒకే వైపు పోతుందని 2010లో తేలింది, అంటే ఈ ఏర్పాటు ఎగరడం కోసం పుట్టింది కాదు, అంతకంటే పాతది.

రుషికుల్య ఒడ్డోడు | 10:36
ఏదైనా పల్చటి తడి పొరకి ఎప్పటికప్పుడు కొత్త నీళ్ళో గాలో అందాలి, అంతేనా సార్? మా తాబేలు గుడ్లకీ అదే లెక్క, ఇసకలోంచి గాలి పెంకు లోపలికి పోవాలి, పెద్ద కెరటం వచ్చి గుంతలో నీళ్ళు నిలిస్తే గుడ్లన్నీ పాడైపోతాయి

గుణుపురం మాస్టారు | 10:41
అంతే. గుడ్డు కూడా ఊపిరి తీస్తుంది, దానికీ మునక ఉంది.

రాయగడ బండోడు | 10:44
ఇంతకీ బుల్లోడేడి, మూడు రోజులై పత్తా లేడు. చచ్చిన చేపలు వండుకున్నాడా

పర్లాకిమిడి బుల్లోడు | ఆదివారం ఉదయం 8:20
ఉన్నాను ఉన్నాను, అన్నీ చదువుతున్నాను. నావి ఆ రాత్రే పులుసయిపోనాయి. బావగాడు నన్ను ఏడిపించడానికి తన దాంట్లో ఒకటి మా పాపకి ఇచ్చీసాడు. మాస్టారు చెప్పినట్టు డ్రమ్ములో సగం నీళ్ళే పోసి పైన దోమతెర ముక్క కట్టాను, గెంతకుండా. పాప ఫోన్లో టైము పెట్టుకుని లెక్క రాసింది, పది నిమిషాల్లో నాలుగుసార్లు పైకొచ్చింది, మూతి ఒక్కటే బయటికి పెడతాది, చిన్న బుడగ వదిలి గుటుక్కున మింగి కిందకి పోతాది. దోమతెర నీళ్ళకి ఆనించి పెడితే ఏటవుతాదో చూద్దాం నాన్నా అంది, వద్దన్నాను.

ఇప్పుడు సమస్య ఏటంటే దీన్ని కూర వండనివ్వట్లేదు. డ్రమ్ము ఉన్నది బాత్‌రూంలో, తెల్లారగట్ల చీకట్లో స్నానానికెళ్తే వెనకాల నుంచి గుటుక్కుమంటాది, మా అమ్మ రెండుసార్లు దడుసుకుంది.